తాజ్‌మహల్ ప్రింటు కొనేముందు తోట వైపు చూడండి

మా హాల్లో సోఫా వెనక గోడ మీద మొన్నటిదాకా ఒక తాజ్‌మహల్ ఫోటో ఉండేది, నీలం రంగులో. కొన్నప్పుడు నీలం కాదు. ఐదేళ్ళ కిందట ఒక ఎగ్జిబిషన్‌లో ఎనిమిది వేలు పోసి కొన్నాను. "లిమిటెడ్ ఎడిషన్ ఫైన్ ఆర్ట్ ప్రింట్ సార్, వందేళ్ళు చెక్కుచెదరదు" అన్నాడు అమ్మినతను. కింద అంచులో పెన్సిల్‌తో 14/50 అని, అంటే యాభై కాపీల్లో పద్నాలుగోదని రాసి, పక్కన సంతకం కూడా పెట్టి ఉంటే ఇంకేం కావాలి అనుకున్నాను. పొద్దుటి వెలుగులో లేత గులాబీగా మెరిసే పాలరాయి, ముందు ముదురాకుపచ్చ సైప్రస్ చెట్లు, మధ్యలో కదలని నీళ్ళు. రెండో వానాకాలం దాటేసరికి గులాబీ ఎగిరిపోయింది, మూడో ఏడాదికి చెట్లు నీలిమందు ముద్దల్లా తయారయ్యాయి.

పాత సెలూన్లలో హెయిర్ స్టైల్ పోస్టర్లు గుర్తున్నాయా? హీరోలందరూ నీలం మొహాలతో నవ్వుతుంటారు. అదే జబ్బు. చవకరకం ఇంకుల్లో ఎండకి పసుపు, మెజెంటా ముందు పోతాయి, సయాన్ అనే నీలం మాత్రం మొండిగా చివరిదాకా నిలబడుతుంది. అంటే నేను ఎనిమిది వేలు పెట్టి కొన్నది ఒక సెలూన్ పోస్టర్.

ఆ మంట మీద ఈ వ్యవహారం గురించి దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అర్థమైంది ఏమిటంటే, ఇందులో జనాన్ని తికమక పెట్టేది టెక్నాలజీ కంటే ఎక్కువగా మాటలు. ఫైన్ ఆర్ట్, జిక్లే, ఆర్కైవల్, లిమిటెడ్ ఎడిషన్, వింటేజ్, మ్యూజియం క్వాలిటీ, ఈ మాటల్లో కొన్నిటికి గట్టి అర్థం ఉంది, కొన్నిటికి అసలు అర్థమే లేదు, అమ్మేవాడు మాత్రం అన్నిటినీ ఒకే ఊపులో అనేస్తాడు.

ముందు ఒక ముడి విప్పుకుందాం. ఫోటో వేరు, ప్రింటు వేరు. ఒకే పెళ్ళి ఫోటో ఆల్బంలో ఉంటుంది, వీధి చివర ఫ్లెక్సీ మీదా ఉంటుంది. బొమ్మ ఒకటే, వస్తువులు రెండు, వాటి ఆయుష్షు రెండు, ధర రెండు. తాజ్‌మహల్ విషయంలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే బొమ్మగా దానికి దాదాపు విలువ లేదు. పెద్ద దర్వాజా దాటి మెట్ల మీద నిలబడి, నీటి కాలువ సరిగ్గా మధ్యకి వచ్చేలా ఫోన్ ఎత్తితే మీకూ అదే బొమ్మ వస్తుంది, మీ వెనక తోసుకొస్తున్న నలభై మందికీ అదే వస్తుంది. కాబట్టి ఎవరైనా తాజ్ ప్రింటుకి ముప్ఫై వేలు అడిగితే ఆ డబ్బు దేనికి అని అడగొచ్చు. కాగితానికా, ఇంకుకా, సంఖ్యకా, తీసిన మనిషి పేరుకా, లేక ఆ రోజు ఆ వెలుగులో ఆ తోటలో దొరికిన ఏదో ఒకదానికా?

తోట అని ఊరికే అనలేదు. 1632 ప్రాంతంలో మొదలైన ఆ కట్టడం మూడున్నర శతాబ్దాలకు పైగా దాదాపు అలాగే ఉంది. మారుతూ వచ్చింది దాని ముందున్న చార్‌బాగ్, అంటే నాలుగు భాగాలుగా వేసిన మొగలుల తోట. పాత తాజ్ ఫోటో ఎప్పటిదో తెలుసుకోవాలంటే గుమ్మటం వైపు చూసి లాభం లేదు, చెట్ల వైపు చూడాలి.

తాజ్‌ని కెమెరాతో పట్టుకున్న తొలితరం వాళ్ళలో జాన్ మర్రే ఒకడు. ఆగ్రాలో ఈస్టిండియా కంపెనీ డాక్టరు. 1850ల్లో, 60ల్లో వైద్యం చేస్తూనే తాజ్‌ని మళ్ళీ మళ్ళీ తీశాడు. అతని నెగటివ్‌లు గాజు మీద కాదు, మైనం పట్టించిన కాగితం మీద, ఇంచుమించు అడుగున్నర పొడవుతో ఉండేవి. అంత పెద్దవి ఎందుకంటే అప్పట్లో నెగటివ్ ఎంత ఉంటే ప్రింటు అంతే. పెద్దది చేసుకునే సౌకర్యం అందుబాటులో లేదు, నెగటివ్‌ని కాగితం మీద నేరుగా ఆనించి, చెక్క ఫ్రేములో బిగించి, ఎండలో పెట్టేవాళ్ళు. మన దగ్గర అప్పడాలు ఎండబెట్టినట్టే, మబ్బు పడితే పని ఆగిపోయేది.

తర్వాత గాజు పలకల కాలం వచ్చింది. కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసిన పలక తడిగా ఉండగానే ఫోటో తీసి, ఆరకముందే డెవలప్ చేయాలి. ఆగ్రా ఎండలో అదెంత తొందరగా ఆరిపోతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1857 తిరుగుబాటు తర్వాత వచ్చిన ఫెలిచే బియాటో, 1863లో దిగిన శామ్యూల్ బోర్న్, వీళ్ళందరూ ఆ చీకటి డేరాలూ సీసాలూ కూలీల చేత మోయించుకుంటూ తిరిగినవాళ్ళే. ప్రింట్లు మాత్రం ఎక్కువగా కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద. 1850లో బ్లాంకార్ ఎవ్రార్ అనే ఫ్రెంచివాడు ప్రకటించిన పద్ధతి ఇది. తెల్లసొనలో ఉప్పు కలిపి కాగితానికి పట్టించి, దాని మీద సిల్వర్ నైట్రేట్, చివర్లో బంగారం లవణంతో టోనింగ్, అంటే రంగు దిద్దడం. ఆ పాత ఫోటోలకి ఉండే ముదురు గోధుమ, ఊదా కలిసిన రంగు అక్కడినుంచి వచ్చిందే. ఆ కాలం ప్రింట్లలో తెల్లటి భాగాలు పసుపెక్కిపోవడం మామూలు, కాబట్టి పాలరాయి తళతళా తెల్లగా ఉన్న "1860 నాటి ఒరిజినల్" ఎవరైనా చూపిస్తే కాస్త అనుమానపడండి.

ఆ ప్రింట్లలో తోట ఎలా ఉంటుందంటే, అడవిలా. ఎత్తైన చెట్లు గుబురుగా పెరిగి సమాధి కింది సగాన్ని మింగేసి ఉంటాయి, గుమ్మటం ఆకుల మీంచి తేలుతున్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు మనం చూసే పచ్చిక బయళ్ళు, కోసి పెట్టినట్టుండే ఖాళీ జాగా, దూరం నుంచే మొత్తం కట్టడం కనబడేలా విప్పి ఉంచిన దృశ్యం, ఇదంతా చాలావరకు 1899 నుంచి 1905 వరకు వైస్రాయిగా ఉన్న కర్జన్ హయాంలో చేసిన మరమ్మతుల ఫలితం. ఆయనగారికి ఇంగ్లండు ఎస్టేటుల్లో ఉండే లాన్ల మీద ఉన్న మోజు మొగలుల తోట మీద వచ్చి పడింది. మొగలుల చార్‌బాగ్ అంటే పళ్ళచెట్లు, పూలు, నీడ, నీళ్ళ చప్పుడు; నడిచి తిరగాల్సిన తోట. ఇప్పుడున్నది నిలబడి ఫోటో తీసుకోవడానికి బాగా కుదిరిన తోట. నాకైతే మర్రే ఫోటోల్లోని గుబురే నచ్చుతుంది, కట్టడం దాక్కుని కనిపించడంలో ఒక అందం ఉంది, ఇది నా ఇష్టం అనుకోండి.

తోట ఇంకో పని కూడా చేస్తుంది, నకిలీని పట్టిస్తుంది. తోటలో నిలబడి తాజ్‌ని చూస్తున్నామంటే మనం ఉత్తరం వైపు చూస్తున్నట్టు, సమాధి వెనక యమున. ఆగ్రాలో సూర్యుడు ఏ కాలంలోనూ నేరుగా ఉత్తరాన ఉదయించడు, అస్తమించడు. జూన్‌లో కూడా ఈశాన్యం నుంచి వచ్చి వాయవ్యంలో దిగుతాడు. పౌర్ణమి చంద్రుడి కథా అంతే. అంటే నీటి కాలువ మధ్యలో నిలబడి తీసిన ఫోటోలో గుమ్మటం వెనక నుంచి ఎర్రటి సూర్యుడో, పళ్ళెమంత చంద్రుడో తొంగిచూస్తుంటే, అది కంప్యూటర్లో అతికించినదే. సందేహమే అక్కర్లేదు. నది అవతల మెహతాబ్ బాగ్ నుంచి తీస్తే లెక్క మారుతుంది, అక్కడ దక్షిణం వైపు చూస్తాం కాబట్టి చలికాలం సూర్యుడు తాజ్ వెనక రావచ్చు. ఇంతా చెబుతున్నాను కానీ ఇలాంటి "సూర్యాస్తమయం" ప్రింటు ఒకటి మా బంధువుల ఇంట్లో ఉంది, చెట్ల నీడలు ఒకవైపు, సూర్యుడు ఇంకోవైపు. వాళ్ళు దాన్ని చూసి మురిసిపోతుంటే నేనేం మాట్లాడలేదు.

ఫోటోని మార్చడం తప్పని అనడం లేదు. 2011లో 43 లక్షల డాలర్లకి అమ్ముడైన జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్స్కీ రైన్ నది ఫోటోలో కట్టడాలూ మనుషులూ కంప్యూటర్లో తీసేసినవే, ఆ సంగతి అతను దాచలేదు. దాచకపోవడంలోనే ఉంది అంతా. తాజ్ ముందు జనం లేకుండా చేశాను అని చెప్పి అమ్మితే అది కళాకారుడి నిర్ణయం. "పొద్దున్నే ఆరింటికి ఒక్కణ్ణే ఉన్నాను సార్" అని కథ చెప్పి అమ్మితే వేరే సంగతి.

ఇక వింటేజ్ అనే మాట. దీనికి గట్టి అర్థమే ఉంది. నెగటివ్ తీసిన కాలంలోనే, తీసినవాడి చేతుల మీదుగానో అతని కనుసన్నల్లోనో తయారైన ప్రింటు వింటేజ్. అదే నెగటివ్ నుంచి యాభై ఏళ్ళ తర్వాత తీసింది వింటేజ్ కాదు, ఎంత అందంగా ఉన్నా సరే. ఇది అర్థం కావడానికి ఆగ్రా దాకా అక్కర్లేదు, మన సికింద్రాబాద్ చాలు. రాజా దీన్ దయాళ్ స్టూడియో అక్కడే ఉండేది. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, ఇండోర్‌లో పేరు తెచ్చుకుని, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరై, రాజా బిరుదు కూడా ఆయన దగ్గరే అందుకున్నాడు. ఫలక్‌నుమా భవనాన్ని మెట్లతో, తోటతో సహా ఆయన తీసిన తీరు చూస్తే ఇవాళ్టి హోటల్ బ్రోచర్లు వెలవెలబోతాయి. 1905లో పోయాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరాయి. ఇప్పుడు అలాంటి నెగటివ్ ఒకటి స్కాన్ చేసి మంచి కాగితం మీద ప్రింటు తీస్తే, వివరాలు 1890ల నాటి ప్రింటు కంటే స్పష్టంగా కూడా రావచ్చు. అయినా మార్కెట్లో రెండిటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా, ఎందుకంటే మొదటిది సమాచారం, రెండోది దీన్ దయాళ్ చీకటిగదిలోంచి వచ్చిన వస్తువు. పైగా నెగటివ్‌లు ఎప్పటికీ ఉంటాయన్న హామీ ఏమీ లేదు, బోర్న్ పెట్టిన బోర్న్ అండ్ షెపర్డ్ కలకత్తా స్టూడియోలో 1991లో మంటలు రేగి పాత సరుకంతా చాలామటుకు కాలిపోయింది, 2016లో ఆ స్టూడియో కూడా మూతపడింది.

సరే, మనలాంటివాళ్ళు కొనేది వింటేజ్ కాదు, ఇప్పటి ఇంక్‌జెట్ ప్రింటు. దాన్నే కొందరు జిక్లే అంటారు. ఫ్రెంచిలో చిమ్మడం అనే మాట నుంచి 1991లో కాలిఫోర్నియాలో ఒక ప్రింటర్ పుట్టించిన పేరు, ఇంక్‌జెట్ అంటే ఆఫీసు ప్రింటర్ గుర్తొచ్చి ఎవరూ కొనరని. కాబట్టి జిక్లే అన్నంత మాత్రాన నాణ్యత గురించి ఏమీ తెలియదు. ఆ రోజుల్లో ఆ మిషన్లలో వాడిన ఇంకులే కొన్నేళ్ళకి వెలిసిపోయేవి. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇంకు డైయా, పిగ్మెంటా? డై అంటే నీళ్ళలో కరిగిపోయిన రంగు, ఎండ తగిలితే విరిగిపోతుంది. పిగ్మెంట్ అంటే సన్నటి రంగు పొడి రేణువులు ఇంకులో తేలుతుంటాయి, కాగితం మీద కూర్చుంటే కదలవు, సరిగ్గా దాచుకుంటే దశాబ్దాల పాటు ఉంటాయి. నా 14/50 డై ప్రింటు. అడగలేదు, అతనూ చెప్పలేదు.

కాగితం సంగతికి వస్తే తాజ్‌మహల్ ఒక ప్రత్యేకమైన పరీక్ష, ఇక్కడ కాసేపు ఆగాలి. మామూలు ప్రింటర్లో తెల్ల ఇంకు ఉండదు. ఫోటోలో తెల్లగా ఉండాల్సిన చోట మిషన్ ఏమీ వేయకుండా వదిలేస్తుంది. అంటే మీ ప్రింటులో పాలరాయి మీద బాగా వెలుగు పడ్డచోట మీరు చూసేది పాలరాయినీ కాదు, ఇంకునీ కాదు, ఉత్త కాగితాన్ని. కాగితం రంగే తాజ్ రంగు. చాలా కాగితాలకి తెల్లగా కనిపించడానికి ఆప్టికల్ బ్రైటెనర్ కలుపుతారు, బట్టలకి నీలిమందు పెట్టినట్టే అనుకోండి. పగటి వెలుగులో అది కాస్త నీలంగా మెరుస్తుంది, అతినీలలోహిత కిరణాలు దాదాపుగా లేని ఎల్‌ఈడీ బల్బు కింద అదే ప్రింటు చప్పగా కనిపిస్తుంది, ఏళ్ళు గడిచి ఆ మందు అరిగిపోయాక కాగితం అసలు రంగు బయటపడి తాజ్‌కి కామెర్లు వస్తాయి. బ్రైటెనర్ లేని నూలు కాగితం మొదటినుంచే కొంచెం మీగడ రంగులో ఉంటుంది, కానీ అలాగే ఉండిపోతుంది. జర్మనీలో 1584 నుంచి కాగితం చేస్తున్న హానెమ్యూలె లాంటి కంపెనీల నూలు కాగితాలు చేత్తో పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది, పెళ్ళి శుభలేఖ కంటే మందంగా, మెత్తగా ఉంటాయి. తాజ్ కట్టిన మక్రానా పాలరాయికి ఆ మీగడ తెలుపే బాగా నప్పుతుందని నాకనిపిస్తుంది, నిజం తాజ్ కూడా మిట్టమధ్యాహ్నం తప్ప ఎప్పుడూ పాలలా తెల్లగా ఉండదు.

కాకపోతే పసుపుగా ఉన్న ప్రతి తాజ్ తప్పూ కాగితం మీదికి నెట్టకండి. గాలిలోని మసి, దుమ్ము వల్ల ఆ రాయే రంగు మారుతోంది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ చుట్టుపక్కల బొగ్గు వాడే ఫ్యాక్టరీలని గ్యాస్‌కి మారమనో, తరలిపొమ్మనో చెప్పింది ఇందుకే. పురావస్తు శాఖ వాళ్ళు ముల్తానీ మట్టి పట్టీలు వేసి కడుగుతుంటారు. ఆ పని జరుగుతున్నప్పుడు మీనార్ల చుట్టూ పరంజా కట్టి ఉంటుంది. పరంజాతో ఉన్న తాజ్ ప్రింటు ఎవరైనా అమ్మితే నేను సంతోషంగా కొంటాను, ఎందుకో మరి ఎవరూ అమ్మరు.

సైజు గురించి ఒక్కమాట. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫైలు 6000 చుక్కల వెడల్పు ఉంటుంది, అంగుళానికి 300 చొప్పున వేస్తే 20 అంగుళాలు. అంతకు మించి పెద్దది చేయొచ్చు, దూరం నుంచి చూస్తే బాగానే ఉంటుంది, కానీ రాళ్ళలో పొదిగిన ఆ పూల పని దగ్గరకెళ్ళి చూడాలనిపించే విషయం కదా, అక్కడ మసకబారితే ఇంకెందుకు. మీనార్లు కూడా గమనించండి, వైడ్ లెన్సు పైకెత్తి తీస్తే లోపలికి వాలిపోతాయి, పనితెలిసినవాడు దాన్ని సరిచేస్తాడు. మరీ అతిగా సరిచేసే ముందు, అవి నిజంగానే రవ్వంత బయటికి వాలేలా కట్టినవని గుర్తుంచుకుంటాడు.

అన్నిటికంటే పెద్ద చిక్కు 14/50లో ఉంది. ఈ అలవాటు అచ్చు కళ నుంచి వచ్చింది. రాగి రేకు మీద చెక్కి ప్రింట్లు తీస్తుంటే రేకు అరిగిపోయేది, కాబట్టి మొదటి కాపీలు మంచివి, సంఖ్యకి అర్థం ఉండేది. డిజిటల్ ఫైలు అరగదు. యాభయ్యో ప్రింటూ మొదటిదీ ఒక్కటే, యాభై దగ్గర ఆపడం అనేది ఉత్త మాట. ఆ మాట మీద నిలబడే మనిషి అయితే దానికి విలువ, లేకపోతే లేదు. ఇందులో కంతలు చాలా ఉన్నాయి: ఈ సైజులో యాభై, ఆ సైజులో ఇంకో యాభై, కాన్వాస్ మీద మరో వంద, ఇవి కాక కళాకారుడు తనకోసమని తీసుకునే, లెక్కలోకి రాని ఆర్టిస్ట్ ప్రూఫులు. 2012లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ విలియం ఎగల్‌స్టన్ తన పాత ఫోటోల్నే పెద్ద సైజు డిజిటల్ ప్రింట్లుగా తీయించి క్రిస్టీస్ వేలంలో అమ్మితే దాదాపు 59 లక్షల డాలర్లు వచ్చాయి, పాత ప్రింట్లు కొనుక్కున్న ఒక కలెక్టర్ కడుపు మండి కోర్టుకెక్కాడు, మరుసటి ఏడాది న్యూయార్క్ జడ్జి కేసు కొట్టేసింది. కొత్త పద్ధతిలో, కొత్త సైజులో వేసింది కొత్త ఎడిషనే అన్నమాట.

మరి తక్కువ కాపీలుంటేనే విలువా అంటే అదీ కాదు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన చంద్రోదయం ఫోటోకి స్వయంగా వెయ్యికి పైగా ప్రింట్లు తీశాడు, వేలంలో వాటికి లక్షల డాలర్లు పలికిన రోజులున్నాయి. ప్రతి ప్రింటూ చీకటిగదిలో చేత్తో చేసింది, ఏళ్ళు గడిచేకొద్దీ ఆకాశాన్ని ఇంకా ఇంకా నల్లగా చేసుకుంటూ పోయాడు. అక్కడ సంఖ్య పని చేయలేదు, చెయ్యి చేసింది.

అందుకని ఇప్పుడు నేనెవరినైనా అడిగేవి ఇవి: ఇంకు ఏ రకం, కాగితం పేరేంటి, అన్ని సైజులూ కలిపి మొత్తం ఎన్ని, ఎప్పుడు ప్రింటు తీశారు, రంగు పోతే మీరేం చేస్తారు. ఇవన్నీ బిల్లు మీద రాసివ్వమంటాను. చివరి రెండిటికి తడబడేవాళ్ళే ఎక్కువ.

హక్కుల గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కట్టడాన్ని ఫోటో తీసి ప్రచురించడం ఉల్లంఘన కాదు, పైగా షాజహాన్ వారసులెవరూ నోటీసు పంపబోరు. ఫోటో మీద హక్కు మాత్రం మామూలుగా తీసినవాడిదే, 2012 సవరణ తర్వాత అతని జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు. మీరు ప్రింటు కొంటే గోడకి తగిలించుకోవచ్చు, స్కాన్ చేసి కప్పుల మీద వేసి అమ్ముకోలేరు. ఆ ఆవరణలో ట్రైపాడ్ తేనివ్వరు, డ్రోన్ ఊసే ఎత్తకూడదు, లోపలి సమాధి గదిలో ఫోటోలు నిషేధం, శుక్రవారం సెలవు. తమాషా ఏమిటంటే ఇంకో తాజ్ ఉంది, ముంబైలోని తాజ్‌మహల్ ప్యాలెస్ హోటల్, దాని బయటి రూపానికి 2017లో ట్రేడ్‌మార్క్ తీసుకున్నారు. మన దేశంలో ఒక కట్టడానికి అలా దక్కడం అదే మొదటిసారి. చక్రవర్తి కట్టించిన తాజ్ ఫోటో అమ్ముకుంటే అడిగే నాథుడు లేడు, ఆ హోటల్ బొమ్మని వ్యాపారానికి వాడితే మాత్రం లాయర్లు వస్తారు.

చివరికి, ప్రింటు ఎంత మంచిదైనా వైజాగ్ లాంటి ఊళ్ళో ఇంకో గండం ఉంది. ఉప్పుగాలి, చెమ్మ. నీలం తాజ్‌ని ఫ్రేము షాపుకి తీసుకెళ్తే ఆ పెద్దాయన వెనకట్ట ఊడదీసి చూపించాడు. అట్ట నిండా బూజు, ఒక మూల చెదలు తిన్న గీతలు, ప్రింటు అద్దానికి అతుక్కుపోయింది. "అద్దానికీ కాగితానికీ మధ్య గాలి ఉండాలి బాబూ, మౌంటు వేయించలేదేంటి? ఎనిమిది వేల ఫోటోకి మూడొందల ఫ్రేము కట్టించావు" అన్నాడు. యాసిడ్ లేని మౌంటు బోర్డు పెట్టాలట, వెనక ప్లైవుడ్డో మామూలు అట్టో వద్దట, గోడకి ఆనకుండా మూలలకి చిన్న రబ్బరు బిళ్ళలు అంటించాలట, బయటిగోడకి అసలు తగిలించకూడదట. ఆ సోఫా వెనక గోడ పడమటిగోడ, మధ్యాహ్నం మూడు నుంచి ఎదురింటి కిటికీ అద్దాల మీద పడ్డ ఎండ తిరిగి సరిగ్గా దాని మీదే పడుతుంది.

అద్దం నుంచి ఊడదీయబోతే గుమ్మటం చిరిగిపోతుందన్నాడు, అందుకని అలాగే ఉంచమన్నాను. ఇప్పుడది మెట్ల కింద ఉంది. హాల్లో ఆ మేకుకి ప్రస్తుతం క్యాలెండర్ వేలాడుతోంది.